అడిగింది వచ్చింది, నీళ్లు రాలేదు

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ టీచర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు వినబడుతోందా? సరే.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో ఇంటర్‌లో రీకౌంటింగ్‌కు ఫీజు కట్టినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మార్కులు మారినవాళ్లు? ఒకరు... అక్కడ ఇంకొకరు. మిగతావాళ్లకు మార్పు లేదనే వచ్చింది. మా మనవరాలికీ అలాగే వచ్చింది. ఫిజిక్స్‌లో తక్కువ పడ్డాయని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు ఆ పిల్ల. రీకౌంటింగ్ పెట్టింది. ఫలితం వచ్చాక ఇంకా ఎక్కువ ఏడ్చింది.

రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడటం. అంతవరకే. ఆ పిల్లకు కావలసింది కూడిక కాదు. తన పేపర్‌ను కళ్లారా చూసుకోవాలి, ఏ ప్రశ్నకు ఎన్ని వేశారో తెలియాలి. జవాబుపత్రం స్కాన్ కాపీ కావాలంటే రీవెరిఫికేషన్ అని దానికి వేరే దరఖాస్తు ఉంది. ఆ సంగతి మాకు గడువు దాటాక తెలిసింది. అడిగిన పని వాళ్లు చేశారు. కూడి చూశారు, కూడిక సరిగానే ఉంది. ఇంక ఎవరి మీద కోప్పడతాం?

ఈ రోజు నేను మాట్లాడబోయేది దీని గురించే. అడిగింది చేతికి వస్తుంది, కావలసింది రాదు. నేను ఊళ్లో టీచర్‌గా ఉన్నన్నాళ్లూ, రిటైర్ అయ్యాక కూడా జనానికి అర్జీలు రాసిపెడుతూనే ఉన్నాను. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చిన తర్వాత ఆ దరఖాస్తులూ రాస్తున్నాను. వాటిలో నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు ఉంది. దాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. అదే చెబుతాను.

మా ఊరు వరంగల్‌కు దగ్గరే. ఊరి పేరు ఇక్కడ అక్కరలేదు. మీ ఊళ్లలోనూ ఇలాంటి చెరువే ఉండి ఉంటుంది. పాకాల, రామప్ప, లక్నవరం మనందరికీ తెలిసినవే. కాకతీయుల నాటి చెరువులు, ఇప్పటికీ వాటి కింద పంటలు పండుతున్నాయి. మాది అంత పెద్దది కాదు. ఒక కట్ట, పొలాలకు నీళ్లు వదిలే ఒక తూము, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే ఒక మత్తడి, కట్ట మీద మైసమ్మ గుడి. దాని కింద నూరు ఎకరాల పైచిలుకు ఆయకట్టు.

2006 ఎండాకాలం. చెరువు పూడిపోయిందని అందరికీ ఒకటే బాధ. వానకాలంలో నాలుగు వానలకే నిండి మత్తడి దుంకేది, సంక్రాంతి దాటేసరికి అడుగు కనబడేది. యాసంగికి, అంటే రెండో పంటకు, నీళ్లు ఉండేవి కావు. పిటిషన్ పెడదామని బడి వరండాలో కూర్చున్నాం. నా దస్తూరి బాగుంటుందని రాసే పని నాకు అప్పజెప్పారు. ఏం రాశానో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. "మా గ్రామ చెరువు పూడిపోయినందున రైతులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు. కావున తమరు దయతో మా చెరువులో పూడిక తీయించగలరని ప్రార్థన." కింద డెబ్బై దాకా సంతకాలు, వేలిముద్రలు.

వేలిముద్ర వేసినవాళ్లలో మా ఊరి నీరటి కూడా ఉన్నాడు. నీరటి అంటే మీలో ఎంతమందికి తెలుసో. తూము తెరిచి, మూసి, వంతుల ప్రకారం మడి మడికీ నీళ్లు పారించే మనిషి. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచీ అదే పని. ముద్ర వేసి, వేలికంటిన సిరా తలకు తుడుచుకుని, వెళ్లకుండా నిలబడ్డాడు. "సారూ, తూము సంగతి గూడ రాయరాదు" అన్నాడు. నేను తలెత్తకుండానే "ముందు పూడిక పోనీ తాతా, తూము తర్వాత చూద్దాం" అన్నాను. ఒక పిటిషన్‌లో ఒకే కోరిక ఉంటే పని తొందరగా అవుతుందని నా లెక్క. ఆయన ఇంకేమీ అనలేదు. వెళ్లిపోయాడు.

మరుసటి ఎండాకాలం పని మంజూరైంది. ప్రొక్లెయిన్‌లు దిగాయి. ట్రాక్టర్లు రాత్రింబవళ్లు తిరిగాయి. ఆ నల్లమట్టిని రైతులు పోటీపడి పొలాల్లో పోసుకున్నారు. ఊరంతా పండగలా ఉండేది. ఆ ఏడు చెరువు నిండింది. ఇంత నీరు ఎన్నడూ చూడలేదని ముసలివాళ్లు కూడా అన్నారు.

యాసంగి వచ్చింది. నాట్లు వేశారు. ఫిబ్రవరిలో చెరువులో చూస్తే నీళ్లు, కాలువలో చూస్తే సన్నటి ధార. చివరి ఆయకట్టుకు చుక్క రాలేదు. కట్ట మీద నిలబడితే ఒక పక్క నిండుగా నీళ్లు, ఇంకో పక్క ఎర్రబడిన వరి. ఆ చూపు ఎలా ఉంటుందో మీలో రైతు బిడ్డలకు నేను చెప్పనక్కరలేదు.

మేమందరం అనుకున్న మాట ఒక్కటే. డబ్బులు తిన్నారు. కాకపోతే కొత్తగా తీసిన చెరువు నీళ్లు ఎందుకివ్వదు? అప్పటికే సమాచార హక్కు గురించి పేపర్లలో చదువుతున్నాం. రాజస్థాన్‌లో కూలీలు తమ మస్టర్ రోళ్లు, బిల్లులు చూపించమని పోరాడితే వచ్చిన చట్టమని నాకు తెలుసు. చాలా ఉత్సాహంగా దరఖాస్తు రాశాను. రుసుము కూడా పెద్దదేం కాదు. ఊరి స్థాయిలో అసలే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు.

ఏమడిగాను? "మా చెరువులో పూడికతీత పని పూర్తయినదా? ఎంత ఖర్చయినది?"

30 రోజుల గడువు లోపే జవాబు వచ్చింది. "1. పూర్తయినది." రెండో వరసలో ఒక అంకె. కింద సంతకం, ముద్ర. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్క అబద్ధం లేదు అందులో. నాకు పనికొచ్చే మాట కూడా ఒక్కటి లేదు.

మీరు మేడారం వెళ్లే ఉంటారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల జాతర. అక్కడ బంగారం అంటే ఏమిటి? బెల్లం. బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానని తల్లి మొక్కుకుంటే, తూకం వేసి బెల్లం సమర్పిస్తుంది. అక్కడ ఆ మాటకు అదే అర్థం, దాని విలువ ఏమీ తక్కువ కాదు. తెలియనివాడు వింటే ఇంకోటి అనుకుంటాడు. ఆఫీసులో కూడా మాటలకు వాళ్ల అర్థాలు వాళ్లకుంటాయి. "పూర్తయినది" అంటే ఎస్టిమేట్‌లో రాసిన పనికి కొలతలు ఎక్కించి, బిల్లు అయిపోయిందని. మా ఊళ్లో "పూర్తయింది" అంటే చివరి మడి తడిసిందని. మాట ఒకటే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

రెండోసారి కోపంగా రాశాను. "ఇంత ఖర్చు చేసినా పొలాలకు నీళ్లు ఎందుకు రావడం లేదు? దీనికి బాధ్యులెవరు?" జవాబు: మీరు అడిగినది చట్టంలోని సమాచారం నిర్వచనం కిందికి రాదు. నాకు మండిపోయింది. కానీ ఆ నిర్వచనం, సెక్షన్ 2(ఎఫ్), తీసి చదివితే అందులో ఉన్నవన్నీ వాళ్ల దగ్గర ఉండే వస్తువులే. రికార్డులు, మెమోలు, ఉత్తర్వులు, లాగ్‌బుక్‌లు, కాంట్రాక్టులు, నివేదికలు, నమూనాలు. "ఎందుకు" అన్నది బీరువాలో ఉండదు. తర్వాత 2011లో సీబీఎస్‌ఈ జవాబుపత్రాల కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఉన్న సమాచారం ఇవ్వాలి, లేనిదాన్ని తయారు చేసి ఇవ్వాల్సిన పని లేదు అని. అన్నట్టు, మూల్యాంకనం చేసిన మీ జవాబుపత్రాన్ని మీరు చూసుకోవచ్చని చెప్పిందీ ఆ తీర్పే. అది రాసుకోండి, పనికొస్తుంది.

అయితే "ఎందుకు" బీరువాలో లేకపోయినా, ఆ కారణం చెప్పే కాగితం బీరువాలోనే ఉంటుంది. ఎస్టిమేట్, పని కొలతలు ఎక్కించే ఎం-బుక్, ఫైలు మీద అధికారులు రాసుకున్న నోట్లు. వాటి పేర్లు తెలిసి అడగాలి. తెలియకపోతే వెళ్లి చూస్తామని అడగాలి. సెక్షన్ 2(జె) ప్రకారం పనులను, పత్రాలను తనిఖీ చేసే హక్కు ఉంది మనకు. తనిఖీకి మొదటి గంట రుసుము కూడా లేదు. చాలామంది దీన్ని వాడుకోరు. వందల పేజీల నకళ్లు పేజీకి 2 రూపాయలు పెట్టి తెచ్చుకుని, ఇంట్లో కట్ట విప్పకుండా పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

మూడోసారి తనిఖీకి పెట్టాను. ఒక రోజు రమ్మన్నారు. అక్కడ ఒక ఏఈ మేడమ్, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, చిన్న వయసు అమ్మాయి, నాకు కుర్చీ వేసి ఫైలు ముందు పెట్టింది. ఎం-బుక్ ఎప్పుడైనా చూశారా? గట్టి అట్ట వేసిన పొడుగాటి పుస్తకం, ప్రతి పేజీకీ నంబరు అచ్చయి ఉంటుంది, పేజీ చింపడానికి లేదు. పొడవు, వెడల్పు, లోతు, మొత్తం ఎన్ని ఘనపు మీటర్లు. ఒక్కో కొలతా సిరాతో ఎక్కించి ఉంది. నేను వేలు పెట్టి ఒక్కో వరసా చదివాను. దొంగలెక్క దొరుకుతుందని వెళ్లాను మరి. దొరకలేదు. మట్టి తీసిన జాగాలు నాకు తెలిసినవే, ట్రాక్టర్లు తిరగడం నేను చూసిందే. తూము అన్న మాట కోసం వెతికాను. ఎక్కడా లేదు.

"తూము పని ఎందుకు లేదమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా ఫైలును అడుగు నుంచి తిప్పింది. ప్రతి ఫైలుకూ అడుగున మొదటి కాగితం ఉంటుంది కదా. అక్కడ నా దస్తూరి. మూలన ఎర్ర సిరాతో గీత, పక్కన పొట్టి సంతకం. "మా చెరువులో పూడిక తీయించగలరని ప్రార్థన." డెబ్బై సంతకాలు. నీరటి వేలిముద్ర కూడా.

తర్వాత ఒక తెల్లకాగితం మీద పెన్సిల్‌తో బొమ్మ గీసి చూపించింది. ఇది కట్ట. ఇది చెరువు అడుగు. ఇదిగో, ఇక్కడ తూము. "పూడికను తూము మట్టం కన్నా కిందికి తీశాం సార్. దాని కింద నిలిచిన నీళ్లు తూములోంచి ఎలా పోతాయి? వాటిని డెడ్ స్టోరేజ్ అంటాం." కుండకు పక్కన బెజ్జం ఉందనుకోండి. కుండను ఎంత లోతు చేసినా బెజ్జం కన్నా కింద ఉన్న నీళ్లు బయటికి రావు. మట్టం పైన ఉన్న నీళ్లయినా పారాలి కదా అన్నాను. తూము తలుపు ఎప్పుడో తుప్పుపట్టి సగంలో ఇరుక్కుపోయింది, తూము ముక్కులో రాళ్లు పడి ఉన్నాయి. అది వాళ్లకు నేనే చెప్పాను. నాకెవరు చెప్పారు? నీరటి చెప్పాడు. 2006లో, బడి వరండాలో, నేను తలెత్తకుండా విన్న మాట అది.

(సభలోంచి ఒక విద్యార్థిని: సార్, ఇంజనీర్లకు ఆ సంగతి తెలియదా? వాళ్లే చూసుకోవాలి కదా?)

మంచి ప్రశ్న తల్లీ. చూసుకోవాలి. పూడిక తీయమని ఎవరైనా వస్తే, మీకు పూడిక పోవాలా, పొలం పారాలా అని అడగాలి. నేను వాళ్లను వెనకేసుకు రావడం లేదు. సమాచార హక్కు చట్టమే ఈ మాట చెబుతుంది. రాయడం రాని మనిషి వస్తే, నోటితో చెప్పింది రాసిపెట్టడానికి అధికారే సాయం చేయాలని సెక్షన్ 6లో ఉంది. అంటే, జనానికి అడగడం చేతకాకపోవచ్చు, అది వాళ్ల తప్పు కాదు అని చట్టం చేసినవాళ్లకు తెలుసు. ఆ ఒక్క వాక్యం అన్ని ఆఫీసుల్లో అమలైతే నాలాంటివాళ్లు అర్జీలు రాయాల్సిన పని ఉండదు. కానీ అమ్మా, పని ఏ పద్దు కింద మంజూరైందో ఆ పద్దులోనే ఎస్టిమేట్ వేస్తారు. మా పద్దుకు పేరు పెట్టింది నా పిటిషనే. వాళ్ల వంతు తప్పు వాళ్లది, నా వంతు నాది. నాకు చెప్పిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పాడు. అదే నాకు బాధ.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. తీసిన పూడిక వృథా కాలేదు. కింద నిలిచిన నీళ్లు భూమిలోకి దిగి కట్ట కింది బావుల్లో ఊట పెరిగింది. ఎండాకాలంలో కూడా లోతు నీళ్లుండటంతో చేపల సొసైటీ వాళ్లకు మంచి ఆదాయం వచ్చింది. పిటిషన్ మీద సంతకాలు చేసింది ఎక్కువగా చివరి ఆయకట్టు రైతులు. మేలు జరిగింది మిగతావాళ్లకు. వాళ్లకు మేలు జరగకూడదని కాదు. చివరి మడివాళ్లకు నేనేం జవాబు చెప్పను?

ఆ తర్వాత నేను రాసే పద్ధతే మారింది. ఒక అవ్వ సంగతి చెబుతాను. భర్త చనిపోయాడు, ఎకరన్నర భూమి. ఒక ప్లాస్టిక్ కవర్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అందులో మూడు కాగితాలు, మూడూ పహాణీ నకళ్లే, అంటే భూమి ఎవరి పేరు మీద ఉందో చూపే రికార్డు నకళ్లే, మూడు వేర్వేరు తేదీలవి. ఏడాది నుంచీ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. "అడిగిన కాయితం ఇచ్చిన్రు సారూ, నా పేరు ఎక్కలే" అంది. వెళ్లిన ప్రతిసారీ కిటికీ దగ్గర "పహాణీ కావాలె" అంటుంది. వాళ్లు నకలు తీసి ఇస్తారు. ఆమెకు కావలసింది విరాసత్, భర్త పేరు మీది భూమి తన పేరుకు మారడం. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడో ఎవరో "పహాణీల పేరు రావాలె" అంటే, అందులో పహాణీ ఒక్కటే చెవిలో పడింది.

పాత రోజుల్లో అయితే ఆ అవ్వ అడిగినట్టే "పహాణీ ఇప్పించగలరు" అని నాలుగో దరఖాస్తు చక్కని దస్తూరితో రాసిచ్చేవాణ్ణి. ఈసారి కాగితం పక్కన పెట్టి అడిగాను. "అవ్వా, ఆ పేరు ఎక్కినాక ఏం చేస్తవు?" చిన్నబిడ్డ పెళ్లి ఉంది, బ్యాంకులో పంటరుణం తీసుకోవాలి, కొడుకులు పంచాయితీ పెట్టకముందే తన పేరు మీద ఉండాలి అంది. అరగంట చెప్పింది. అప్పుడు తెలిసింది ఏం రాయాలో. మరణ ధ్రువీకరణ పత్రం కావాలి, వారసులెవరో తేలాలి, కొడుకుల అంగీకారం కావాలి. దరఖాస్తు రాయడానికి పట్టింది పది నిమిషాలు. కొడుకులతో మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది. ఎన్నాళ్లుగానో ఆమె తప్పించుకు తిరుగుతున్నది ఆ మాటల్నే. పహాణీ అడగడం తేలిక కనుక పహాణీ అడుగుతూ ఉంది. మనం కూడా చాలాసార్లు అంతే. కావలసింది అడగడానికి భయమేసి, దాని పక్కనున్నది అడుగుతాం. మార్కులు మారితే చాలని రీకౌంటింగ్ పెడతాం, ఇంట్లో మాత్రం ఈ గ్రూపు నాకు వద్దు నాన్నా అని చెప్పం. మీలో కొందరు తల దించుకున్నారు. నేను మందలించడం లేదు నాయనా.

చెరువు సంగతి పూర్తి చేస్తాను.

రెండో పిటిషన్ బడి వరండాలో రాయలేదు. చివరి మడి గట్టు మీద కూర్చుని రాశాం. అట్టకు బదులు నా ఒళ్లో ఒక పలక. నీరటి పక్కన కూర్చున్నాడు. ఆయన చెబుతుంటే నేను రాశాను. తూము తలుపు కొత్తది వేయాలి. తూము ముక్కులో రాళ్లు తీయాలి. కాలువ ఎక్కడెక్కడ తెగిందో, ఎవరి పొలం దగ్గర పూడిందో ఆయన కళ్లు మూసుకుని చెప్పాడు. చివర ఒక వాక్యం నేను కలిపాను: "చివరి మడి వరకు నీరు పారినప్పుడే పని పూర్తయినట్లు పరిగణించగలరు." ఆ ఏఈ మేడమ్ వచ్చి కాలువ పొడవునా మాతో నడిచింది. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచింది ఆ అమ్మాయి.

రెండేళ్లు పట్టింది. 2010 యాసంగికి కొత్త తలుపు వేశారు. నీళ్లు వదిలిన నాడు నేను ఊళ్లో లేను, హనుమకొండలో ఏదో పని మీద ఉండిపోయాను. తెల్లవారుజామున ఫోన్ మోగింది. చివరి మడి రైతు. "సారూ, నీళ్లొచ్చినయ్!" అన్నాడు. గొంతులో సంతోషం, వెంటనే ఆయాసం. "రాత్రి ఇడిసిండ్రు సారూ. నిద్రల ఉన్నం. మడి కట్ట తెగింది, నారు కొట్టుకపోయింది."

వేళ సంగతి మేం రాయలేదు. అంత దూరం నీళ్లు వస్తాయని మాలో ఎవరికీ నమ్మకం లేకుండె. వస్తే పగలు రావాలని ఎవరికి తడుతుంది?

మొదటి బస్సుకు ఊరికి పోయాను. నీరటి అప్పటికే అక్కడున్నాడు, మోకాళ్ల లోతు బురదలో. నాకో పార అందించాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గండి పూడ్చేసరికి పది దాటింది.